ఆరకూడని దీపం

పెద్దరికం కొందరు అడిగి తెచ్చుకుంటారు, కొందరికి అడక్కుండానే నెత్తిన పడుతుంది. పెద్దిరాజు నెత్తిన పడింది మాత్రం పెద్దరికం కాదు, పెద్దరికం తలపాగా చుట్టుకుని వచ్చిన శని.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కొత్త రోజులవి. మురమళ్ళకి దిగువన గోదావరి పాయ గట్టు మీద బంగారరాజుగారి నీలిమందు కార్ఖానా ఉండేది. కార్ఖానా అనగానే పొగగొట్టాలూ యంత్రాలూ అనుకునేరు, అవేవీ లేవు. మెట్లు మెట్లుగా కట్టిన గచ్చు తొట్లు, మడ్డి కాచే పెద్ద బాన, నీలి ముక్కలు ఆరబెట్టే పాకలు, అంతే. పై తొట్లలో నీలి మండలు నానేసి పులియబెడతారు. ఆ ఊటని కింది తొట్లలోకి వదిలి, మనుషులు నడుంలోతు నీళ్ళలో నిలబడి తెడ్లతో బాదుతారు. బాదగా బాదగా పచ్చటి నీళ్ళు నీలంగా తిరిగి మడ్డి కిందికి దిగుతుంది. ఈ పనికి బంగారరాజుగారు పడవలు నడిపే కుటుంబాలనే పెట్టుకున్నారు. తెడ్డు చేతిలో పుట్టినవాళ్ళకి బాదడం కొత్తగా నేర్పక్కర్లేదు కదా.

అన్నిటికన్నా చివరిది బావితొట్టి. మిగతావన్నీ నేల పైన కడితే దీన్ని నేలలోకి తవ్వి కట్టారు. ఇద్దరు మనుషుల లోతు, ఇరుకు మూతి, దిగడానికి గోడలో కాలు పట్టే గూళ్ళు. నీలి నీళ్ళు ఇందులో చేరి తేరుకుంటాయి. పై నీరు తోడేశాక ఒక మనిషి దిగి అడుగున పేరుకున్న మడ్డిని గంపలకెత్తాలి. వాన పడకుండా మూతి మీద తాటి పలకలు కప్పి ఉంచేవారు.

కిందటేడు అందులో అప్పన్న అనే తెడ్డువాడు పోయాడు. దిగినవాడు దిగినట్టే మడ్డిలో కూలబడ్డాడు. ఒంటిమీద గాయం లేదు, ముక్కులోకి నీళ్ళు పోలేదు. గంగమ్మ తీసుకుపోయిందన్నారు. ఎగువన ఇంకెక్కడో కార్ఖానాలో ఇలాగే ఇద్దరు పోయారట. ఆ సంగతి పై వాళ్ళ చెవిన పడి, ఏడాది తిరక్కుండా హుకుం వచ్చింది. సర్కారు అమీను గోవిందరాజులుగారు పడవలో వచ్చి, అందర్నీ పాకలో కూర్చోబెట్టి, చదివి వినిపించారు. లోతు తొట్టిలోకి మనిషిని దించేముందు దీపం దించి చూడాలి, అది వెలిగితేనే మనిషి దిగాలి. దిగేవాడి నడుముకి తాడు కట్టి పైన ఇద్దరు పట్టుకోవాలి. ఇదంతా జరిగేటట్టు చూడటానికి కార్ఖానాకో జవాబుదారు ఉండాలి. హుకుం తప్పి మనిషి చస్తే ఖైదు ఆ జవాబుదారుకి.

మంచి హుకుమే. రాసినవాళ్ళు బుద్ధిమంతులే. కాకపోతే ఆ జవాబుదారు మాట ఎవరు వినాలో రాయడం మరిచిపోయారు. పని ఆపమంటే ఆగుతుందా, ఆపినందుకు అతణ్ణి తన్ని తగిలేస్తే అడిగేవాడెవడు, ఆ ఊసే లేదు. ఖైదు సంగతి మాత్రం చెవిటివాడికి కూడా వినపడేటట్టు రాశారు.

బంగారరాజుగారు ఓసారి చుట్టూ చూసి, తెడ్లవాళ్ళ మేస్త్రీ పెద్దిరాజు భుజం మీద చెయ్యి వేశారు. ఎందుకు వేశారో ఆయనకి తెలుసు. పెద్దిరాజు పెళ్ళాం సత్యవేణి ఆ కార్ఖానాలోనే నీలి ముక్కలు ఆరబెడుతుంది. ఆమె తమ్ముడు లోవరాజు బావితొట్టిలో దిగేవాడు. ఆమె పినతల్లి దుర్గమ్మ మండల మోపులు దింపించే ఆడవాళ్ళకి పెద్ద. వాళ్ళందరి ఇళ్ళూ బంగారరాజుగారి గట్టు మీదే ఉన్నాయి. ఇన్ని తాళ్ళతో కట్టేసి ఉన్న మనిషి ఎక్కడికి పారిపోతాడు?

"ఇంతమందిలో నిన్నే నమ్మేనురా పెద్దిరాజూ," అన్నారాయన.

"ఆయ్," అన్నాడు పెద్దిరాజు. ఆ ఒక్క ముక్కతో ఇరుక్కుపోయాడు. మా సీమలో ఆయ్ అనడం ఊపిరి తీసినంత తేలిక. కాదనడానికే మాకు నోరు పెగలదు.

ఆ ఏడు తొలి కోత నీలి బావితొట్టికి చేరినరోజున పెద్దిరాజు హుకుం ప్రకారం ప్రమిదకి తాడు కట్టి, నలుగురి ఎదటా అడుగుదాకా దించాడు. సగం దిగేసరికి మంట కుంగింది. అడుగు చేరకుండానే ఆరిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దీపం ఆరిపోయిందన్న మాట మనవాళ్ళు నోటితో కూడా అనరు. కొండెక్కింది అంటారు. అలాంటిది శుభమా అని కొత్త పంట మొదలుపెట్టే రోజున, పదిమందీ చూస్తుండగా, వెలిగే దీపాన్ని గోతిలోకి దించి కొండెక్కించడమంటే ఎంత అశుభమో ఆ హుకుం రాసినవాళ్ళకి ఎలా తెలుస్తుంది? వాళ్ళకి దీపం ఒక కొలబద్ద. వీళ్ళకి లక్ష్మి. తెడ్లు గట్టున పడేసి అందరూ ఇళ్ళకి పోయారు. లోవరాజు పెళ్ళాం రాజ్యం అప్పుడు కడుపుతో ఉంది. ఆడపడుచు మొగుడి చేత్తోనే నా ఇంటికి ఈ అపశకునమా అని గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ఎవరూ పనిలోకి రాలేదు. పై తొట్లలో ఊట కుళ్ళి ఊరంతా కంపు కొట్టింది.

బంగారరాజుగారు కేకలెయ్యలేదు. కేకలేసేవాళ్ళతో అంత భయం ఉండదు. పెద్దిరాజుని పాకలోకి పిలిచి, తమలపాకుకి సున్నం రాసుకుంటూ చెప్పారు.

"హుకుం జరగాలి, పనీ జరగాలి. రెండూ జరిపించడానికే గదా నువ్వున్నది. ఇంకోసారి పని ఆగిందంటే మీ పేట మొత్తానికి ఈ గట్టుమీద చోటుండదు. వేరే ఊరోళ్ళని తెచ్చుకుంటాను."

ఆ చిక్కు విప్పింది దుర్గమ్మ. ఆ పేటలో పెళ్ళయినా పురుడైనా ఆమె చెయ్యి పడాల్సిందే. మర్నాడు తలారా స్నానం చేసి, తొట్టి మూతికి పసుపు రాసి కుంకం పెట్టి, గంగమ్మకి హారతి ఇస్తున్నట్టు దీపాన్ని మెల్లగా లోపలికి వదిలింది. మంట రవ్వంత కుంగుతున్నట్టు కనిపించగానే చెయ్యి ఆపింది. కాసేపు అక్కడే ఉంచి, అమ్మ చూసింది అని పైకి లాగేసింది. దీపం చక్కగా వెలుగుతోంది. జనం దణ్ణాలు పెట్టారు. లోవరాజు తాడు కట్టుకుని దిగాడు, గంపలు నింపాడు, వచ్చాడు. ఆ తరవాత ప్రతి దిగుడుకీ అదే వరస. హుకుం జరిగింది, పనీ జరిగింది, దేవతకి పూజ కూడా జరిగింది. ఇంతకంటే ఏం కావాలి?

పెద్దిరాజు మొదటిరోజే చూశాడు. దీపం ఆగేది సగంలో. మనిషి నిలబడేది అడుగున. ఆ కింద సగంలో ఏముందో ఎవరూ చూడటం లేదు. దుర్గమ్మది మోసం కాదు పాపం, దీపం కొండెక్కకుండా కాపాడటమే తన పని అని ఆమె మనసారా నమ్మింది. మోసం ఎవరిదైనా ఉంటే అది చూసి ఊరుకున్న పెద్దిరాజుది. ఊరుకోక ఏం చేస్తాడు? ఇంకా దించు అత్తా అంటే దీపం ఆరుతుంది, దీపం ఆరితే పని ఆగుతుంది, పని ఆగితే పేట ఖాళీ అవుతుంది. దించమనకపోతే లోవరాజు ఏదో ఒకరోజు అప్పన్నలాగే పోతాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మధ్యలో అమీనుగారు ఓసారి వచ్చి ఆ పసుపూ కుంకం చూసి, హుకుంని ఇంత భక్తితో పాటించే కార్ఖానా నేనెక్కడా చూడలేదని మెచ్చుకుని, కొబ్బరి బోండాలు తాగి వెళ్ళిపోయారు.

అప్పుడు పెద్దిరాజు ఒక ఉపాయం చేశాడు. తొట్టి గాలికి తెరిచి ఉన్నరోజున దీపం ఇంకాస్త కిందిదాకా వెలగడం అతను గమనించాడు. అందుకని మడ్డి ఎత్తే రోజుల్లో పొద్దు పొడవకముందే ఒక్కడూ వెళ్ళి, పలకలు తీసి, తడి గోనెకి తాడు కట్టి లోపల పైకీ కిందికీ చాలాసేపు ఊపేవాడు. తరవాత తనే ఒక దీపం వెలిగించి అడుగుదాకా దించేవాడు. ఆరితే మళ్ళీ ఊపడం. వెలిగితే పలకలు ఎప్పట్లా కప్పేసి, ఏమీ ఎరగనట్టు ఇంటికి వచ్చి చద్దన్నం తినేవాడు. చట్టాన్ని దొంగతనంగా పాటించిన మనిషిని మీరెక్కడైనా చూశారా? మా పెద్దిరాజు పాటించాడు. తెల్లారకుండా ఎక్కడికి పోతున్నావు మావా, ఎవరింటికేమిటి అని సత్యవేణి దెప్పిపొడిచినా చెప్పలేదు. చెబితే ఆమె పినతల్లికి చెబుతుంది. దుర్గమ్మ హారతి ఉత్తదని తేలితే మళ్ళీ ఎవరూ తొట్టి దగ్గరికి రారు.

అలా ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పుణ్యమంతా దుర్గమ్మ చేతి చలవకి జమ అయింది. పెద్దిరాజుకి మిగిలింది నిద్ర చాలని కళ్ళు, ఒంటరి భయం. రోజు రోజుకీ తనే ఆ తొట్టిలో ఉన్నట్టూ, ఎవరో పైన పలకలు కప్పేసినట్టూ ఉండేది అతనికి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, పెద్దిరాజుకి ఆ రెండూ ఒకటే అయిపోయాయి.

శ్రావణంలో ముసురు పట్టింది. గోదావరి పొంగి గట్టుమీదికి వచ్చింది. కార్ఖానా పని ఆపి, ఆడా మగా అందరూ రాత్రింబవళ్ళు గట్టుకి మట్టి వేసుకుంటూ కూర్చున్నారు. ఇళ్ళల్లో గింజలు తడిసి మొలకలొచ్చాయి. బావితొట్టిలో పై నీరు తోడి, మడ్డి ఎత్తకుండానే పలకలు కప్పేశారు. వాననీళ్ళు పై తొట్లలోని కుళ్ళు మండల్ని కూడా కొంత అందులోకి తోసాయి. అన్నాళ్ళూ దాని మూత ఎవరూ తియ్యలేదు.

వరద నీరు తీసిన పొద్దున పెద్దిరాజు అందరికంటే ముందు కార్ఖానాకి బయలుదేరాడు. ముందు పలకలు తీసి ఒక పూటంతా గాలి ఆడించాలనుకున్నాడు. వెళ్ళేసరికి రేవులో అమీనుగారి పడవ కట్టేసి ఉంది. బంగారరాజుగారు గొడుగు పట్టించి ఆయన్ని అప్పటికే తొట్టి దగ్గరికి తీసుకొస్తున్నారు. వెనకాలే పేట పేటంతా. పని మొదలవుతుందని ఎన్నాళ్ళకో ముఖాల్లో కళ వచ్చింది. పై వాళ్ళకి పంపడానికి హుకుం ఎలా జరుగుతోందో కళ్ళారా చూసి రాయాలట అమీనుగారు. ఇప్పుడే చూసి, పోటు తియ్యకముందే వెళ్ళిపోవాలట.

రేపు దిగుదామండి, ఇవాళ తెరిచి ఉంచుదామని పెద్దిరాజు బంగారరాజుగారి దగ్గర గొణిగాడు. అమీనుగారు నీకోసం రేపటిదాకా ఇక్కడే కూర్చుంటారా అని ఆయన నవ్వుతూనే అన్నారు.

పలకలు తీశారు. పులిసిన కంపు గుప్పున వచ్చింది. అమీనుగారు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. దుర్గమ్మ పసుపూ కుంకం పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని దీపం దించింది. పెద్దిరాజు కళ్ళు ఆమె వేళ్ళమీదే ఉన్నాయి. రోజూ ఆమె చేతిలోంచి జారే తాడు ఇవాళ జారలేదు. మూతి దాటి కాస్త దిగగానే మంట ముడుచుకుంది, ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. రోజూ సగందాకా అయినా పోయే దీపం ఇవాళ పావు వంతు కూడా పోలేదు.

"అమ్మ చూసింది," అంది దుర్గమ్మ.

అమీనుగారు తల ఊపారు. లోవరాజు పంచె ఎగ్గట్టి నడుముకి తాడు బిగించుకుంటున్నాడు. తన నోరు తనే తెరిచాడో ఎవరైనా తెరిపించారో పెద్దిరాజుకి తరవాత కూడా తెలియలేదు.

"దీపం ఇంకా దించాలండి. ఇన్నాళ్ళూ అడుగుదాకా దించలేదండి మేము. తప్పు నాదేనండి."

ఆ ముక్క అన్నాక ఒక్కసారిగా తేలికైపోయాడు. ఇక ఖైదు చేస్తారు, చెయ్యనీ. ఖైదంటే నాలుగు గోడలు, అంతే కదా. కనీసం ఇవాళ లోవరాజు దిగడు.

బంగారరాజుగారు కోప్పడలేదు. అమీనుగారి వైపు తిరిగి, హుకుంలో ఎంత లోతు దించాలని ఉందో కాస్త చూసి సెలవియ్యమని వినయంగా అడిగారు. అమీనుగారు కాగితం విప్పి, ఒకసారి చదివి, మళ్ళీ చదివారు. దీపం దించి చూడవలెను అనే ఉంది. దించారు, చూశారు, వెలుగుతోంది. లోతు సంగతి ఎక్కడా లేదు.

"హుకుం ప్రకారం అంతా సక్రమంగానే ఉందయ్యా. నీమీద తప్పేం కనపడ్డం లేదు," అన్నారాయన దయగా.

తప్పు ఒప్పుకున్నా తప్పు లేదంటున్నారు. ఖైదు తలుపు కూడా మూసుకుపోయిన మనిషికి ఇక పోవడానికి చోటేది?

"జవాబుదారువి నువ్వు. వద్దంటే వద్దు, ఆపేద్దాం," అన్నారు బంగారరాజుగారు, చాలా మెత్తగా. "రేపట్నించి రావక్కర్లేదని నీ పేటోళ్ళకి నువ్వే చెప్పు."

అందరూ పెద్దిరాజునే చూస్తున్నారు. వరదలో తడిసిన గుడిసెలు, మొలకలొచ్చిన గింజలు ఆ చూపుల్లో ఉన్నాయి. రోజూ దిగేదే కదా, నలుగురిలో నన్ను పిరికివాణ్ణి చేస్తావేం బావా అని లోవరాజు చిన్నబుచ్చుకున్నాడు. ఇక దాచి లాభం లేదని పెద్దిరాజు ఆ దొంగతనం కూడా బయటపెట్టాడు. రోజూ తెల్లారకుండా తను వచ్చి గాలి ఆడించేవాడనీ, అడుగున దీపం వెలిగితేనే మూత పెట్టేవాడనీ, ఇవాళ ఆ పని జరగలేదనీ చెప్పాడు. నిజం చెబితే జనం నమ్ముతారనుకున్నాడు అమాయకుడు.

దుర్గమ్మ ముఖం నల్లబడింది.

"అంటే ఇన్నాళ్ళూ అమ్మ కాపాడలేదు, నువ్వు కాపాడేవన్నమాట," అంది.

ఆ మాటతో జనం పూర్తిగా అటు తిరిగిపోయారు. గంగమ్మకి పోటీ వచ్చినవాడి మాట ఎవరు వింటారు? సత్యవేణి ఒక్కతే మొగుడి వైపు వింతగా చూసింది. తెల్లవారుజామున అతను ఎక్కడికి పోయేవాడో ఆమెకి అప్పుడు తెలిసింది. అయినా పినతల్లి పక్కనుంచి కదల్లేదు.

పెద్దిరాజు లోవరాజు నడుంనించి తాడు విప్పి తన నడుముకి కట్టుకున్నాడు. దుర్గమ్మ చేతిలోంచి ప్రమిద తీసుకున్నాడు. నేను దిగుతాను, దీపం చేత్తో పట్టుకుని అడుగుదాకా తీసుకెళ్ళి చూపిస్తాను అన్నాడు. అది ఆరగానే ఎక్కి వచ్చేసి, ఆరిన దీపాన్ని అమీనుగారి ఎదట పెట్టాలని అతని ఆలోచన. కళ్ళతో చూశాక కాదనరు కదా. లోవరాజూ, ఏడుకొండలనే ఇంకో తెడ్డువాడూ తాడు పట్టుకున్నారు.

ఒక చేత్తో గూళ్ళు పట్టుకుని దిగాడు. భుజాల దాకా మామూలుగానే ఉంది. తల మూతి దాటాక పులుపుతో కూడిన మత్తు వాసన వచ్చింది. నడుం దగ్గర పట్టుకున్న దీపం చిన్నదై, నీలంగా అయి, పొగ కూడా లేకుండా పోయింది. ఇదిగో, చూడండి అని పైకి అనబోయాడు. మాట రాలేదు. ఎక్కుదామని కాలు ఎత్తబోతే కాలు ఎవరిదో అయిపోయింది. పైన గుండ్రటి వెలుతురులో తలకాయలు వంగి చూస్తున్నాయి. ఎంత దూరంగా ఉన్నాయో. భయం వెయ్యలేదు, చెప్పుకోడానికి సిగ్గు అదే. ఇన్ని నెలల తరవాత నిద్ర వస్తున్నట్టు హాయిగా అనిపించింది. నడుం దగ్గర తాడు కోసుకుపోయేలా లాగింది.

కళ్ళు తెరిచేసరికి గట్టుమీద బోర్లా పడి కక్కుతున్నాడు. చేతిలో ఆరిన ప్రమిద అలాగే ఉంది. చెవులు పనిచేస్తున్నాయి, నాలుక పనిచెయ్యడం లేదు. ఊపిరి రంపపుకోతలా వస్తోంది.

"దిగేడు, వచ్చేడు. బతికే ఉన్నాడు. ఇంకేం కావాలండి?" అంటున్నారు బంగారరాజుగారు.

తాడు సంగతి భేషుగ్గా ఉందన్నారు అమీనుగారు. హుకుంలో రాసినట్టే ఇద్దరు పట్టుకున్నారు, మనిషి క్షేమంగా వచ్చాడు, ఇది తప్పకుండా రాయవలసిన విషయమేనని సంతోషించారు. దుర్గమ్మ ఆ ఆరిన ప్రమిదని చూసి కళ్ళు తుడుచుకుంది. స్నానం లేదు, భక్తి లేదు, కోపంతో తీసుకెళితే దీపం నిలుస్తుందా అంది. కొత్త వత్తి వేసి, కొత్త దీపం వెలిగించి, దణ్ణం పెట్టుకుని, ఎప్పటిలాగే దించింది. అది ఎప్పటిలాగే వెలిగింది.

పెద్దిరాజుకి అప్పుడు అర్థమైంది తను ఏం చేశాడో. చావు చూపించడానికి దిగి, బతికి వచ్చి, తొట్టి మంచిదేనని అందరికీ రుజువు చేశాడు. చచ్చి ఉంటే నమ్మేవారు.

లోవరాజు బావ నడుంనించి తాడు విప్పి తన నడుముకి కట్టుకున్నాడు. కట్టుకుంటూ అక్క వైపు చూశాడు. సత్యవేణి మొగుడి వైపు చూసింది. రొప్పుతున్నాడు, కక్కుతున్నాడు, కానీ బతికే ఉన్నాడు. ఆమె తమ్ముడికి తల ఊపింది.

పెద్దిరాజు పాక్కుంటూ వెళ్ళి లోవరాజు కాలి మడమ పట్టుకున్నాడు. ఒంట్లో ఉన్న బలమంతా ఆ పట్టులోనే పెట్టాడు. లోవరాజు వంగి, బావ వేళ్ళని ఒక్కొక్కటే విప్పాడు. మంచివాడు, మోటుగా లాగలేదు.

"ఆయ్, బావా. ఇట్టే వచ్చేస్తాను," అన్నాడు.

జవాబుదారు చెయ్యి తాడు మీద ఉంటే బాగుంటుందని అమీనుగారు అన్నారు. ఎవరో తాడు కొసని పెద్దిరాజు పిడికిట్లో పెట్టి మూశారు. లోవరాజు కంపుకి ఊపిరి బిగబట్టి గబగబా దిగాడు. ఒక గంప నిండి పైకి వచ్చింది. బంగారరాజుగారు అమీనుగారి వైపు చూసి నవ్వారు. రెండో గంపకి పిలుపు రాలేదు. పెద్దిరాజు పిడికిట్లో తాడు ఒక్కసారి జర్రున జారి, బిగిసి, బరువుగా నిలిచిపోయింది.

అతనికి లేవడం చేతకాలేదు. తాడు ఒంటికి చుట్టుకుంటూ గట్టుమీద దొర్లాడు. ఏడుకొండలు అరిచాడు, పదిమంది వచ్చి పడ్డారు. లోవరాజు పైకి వచ్చాడు. మోచేతులదాకా నీలి మడ్డి, కళ్ళు తెరిచే ఉన్నాయి. బోర్లా వేసి వీపు రుద్దారు, గాలి విసిరారు, పేరు పెట్టి పిలిచారు. పిలిచినకొద్దీ ఆ పేరు పరాయిగా వినిపించింది. ఇంటి దగ్గరున్న రాజ్యానికి ఎవరు చెబుతారని ఎవరో అడుగుతున్నారు. అమీనుగారు పడవ సిద్ధం చెయ్యమన్నారు. హుకుం ప్రకారం అన్నీ జరిగాయి కనుక ఎవరి మీదా తప్పు లేదని ఆయన అక్కడికక్కడే తేల్చేశారు. పెద్దిరాజుకి ఖైదు లేదు.

పెద్దిరాజుకి మాట వచ్చేసరికి జనం శవం చుట్టూ చేరి ఏడుస్తున్నారు. సత్యవేణి మాత్రం లేచి అతని దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు. ఎదురుగా మట్టిలో చతికిలబడి అతని ముఖంలోకి చూసింది.

"నువ్వొచ్చేవు గదా అనే వాణ్ణి పోనిచ్చేను మావా," అంది.